పిడికెడు బెరకాకు

"కాలు పెట్టేది ల్యా" అంది మారక్క, ఖాళీ గంపను నడుముకు ఆనించుకుని.

ఈశ్వరప్ప వంగతోట గట్టు మీద ముగ్గురు ఆడవాళ్లు నిలబడ్డారు. మారక్క, చిన్నక్క, హనుమక్క. మూడు గంపలున్నాయి, ఆరు కాళ్లున్నాయి, ఒక్క బొటనవేలు కూడా తోటలోకి దిగలేదు. ఎదురుగా చూస్తే గంగపాయలాకు, చెంచలాకు, దొగ్గలాకు ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్నాయి. అన్నీ కలిపి ఉడికిస్తే సంగట్లోకి బెరకాకు. పెరక్కుండా వదిలేస్తే కలుపు. ఈ కలుపులో దూరిన కోడిని వెతకడానికి పోయిన కుక్క కూడా దారి తప్పిందని ఊళ్లో చెప్పుకుంటున్నారు.

"మీ కాళ్లు పట్టుకుంటా, దిగండక్కా" అన్నాడు ఈశ్వరప్ప. "ఇంగ నాలుగు దినాలు ఇట్లే ఉంటే వంగచెట్టు ఊపిరాడక చస్తాది. కలుపు తీసేకి మనిషి దొరకల్యా. అందరూ ఎర్రమంచి ఫ్యాక్టరీ బస్సెక్కినారు. నేను హిందూపురం మార్కెట్టు నుంచి వచ్చి, ఇంటికి కూడా పోకుండా మీ ఇండ్లకాడికే వచ్చినా గదా!"

"దినామూ మేమే వచ్చి పెరుక్కపోతాంటిమి. నీకు కలుపు పోయేది, మాకు కూరయ్యేది. మరి ఆ డబ్బా పెట్టిందెవురప్పా?" అంది మారక్క.

గట్టు మొదట్లో ఒక కట్టె పాతి ఉంది. దాని మీద ఖాళీ మందు డబ్బా బోర్లించి ఉంది. డబ్బా మీద పుర్రె బొమ్మ. గాలి వీచినప్పుడల్లా అది కట్టెకు కొట్టుకుని టక్కుటక్కుమంటోంది.

"నేనే పెట్టినా. అబద్ధం" అన్నాడు ఈశ్వరప్ప తల వంచుకుని. "ఒక హోటలాయప్ప గంపలకు గంపలు బెరకాకు కావాలన్న్యాడు. మీరు ముట్టకుండా ఉండాలని పెట్టినా. ఆయప్ప వారానికే మాట మార్చినాడు. ఆకు మీద మందు ల్యా, మాకు ల్యా."

"ఒక్క ఆకు కొరికిన మేక రెండోసారి మే అనకముందే పడిపోయిందంటివే?" అంది చిన్నక్క.

"ఎవురి మేకక్కా? ఊర్లో మేక చచ్చింటే మీకు తెలీదా?"

"నీ మాట నమ్మి మా మేకను పది దినాలు కట్టేసినా" అంది హనుమక్క. "తాడు కొరికింది, గుంజ కొరికింది. ఇంగ నన్ను కొరికేదొకటే తక్కువ."

ఎవరూ నవ్వలేదు. ఎండ ఎక్కుతోంది. రోజూ ఈ వేళకు వంగపూల మీద ముసిరే తేనెటీగలు ఆ రోజు ఒక్కటీ కనిపించలేదు. మారక్క తోటంతా ఒకసారి కలయజూసి, మెల్లగా అంది.

"అప్పుడు చెప్పింది అబద్ధమో, ఇప్పుడు చెప్పేది అబద్ధమో మాకేం తెలుసప్పా? ముందు నువ్వు తిను. చూస్తాం."

"ఓస్, అంతేనా!" ఈశ్వరప్ప పంచె ఎగగట్టి సాళ్లు దాటుకుంటూ లోపలికి పోయాడు. ఆరో సాలులో వంగబోయాడు.

"ఆడొద్దు!" అని అరిచింది హనుమక్క. "అది కొట్టకుండా ఇడిచిపెట్టినావేమో. ఇట్ల రా. ఇంగా రా. ఆ, ఈడ పెరుకు."

అది మూడో సాలు. ఈశ్వరప్ప పిడికెడు గంగపాయలాకు తుంచాడు. పొద్దెక్కినా ఆకు మీద తడి ఆరలేదు. పంచెకు తుడిచి నోట్లో పెట్టుకున్నాడు. పుల్లగా ఉండాల్సిన ఆకు నాలుకకు చేదుగా తగిలింది. మొహం చిట్లిస్తే ఆడవాళ్లు వెనక్కి తిరిగిపోతారు. తోట పోతుంది. గుటుక్కున మింగి, ఇంకో పిడికెడు తుంచి, లడ్డు తింటున్నవాడిలా తిన్నాడు.

"నాలుక చూపించు" అంది మారక్క.

చూపించాడు. పచ్చగా ఉంది.

"నూరు లెక్కపెట్టు చిన్నక్కా."

చిన్నక్కకు ఇరవై దాకానే వచ్చు. ఐదు ఇరవైలు లెక్కపెట్టింది. అంతసేపూ ముగ్గురూ ఈశ్వరప్పను, పొయ్యి మీద పాలను చూసినట్టు, రెప్ప వేయకుండా చూశారు. ఈశ్వరప్ప పడలేదు.

"సరే, పదండి" అని మారక్క గట్టు మీద నుంచి ఒక కాలు కిందికి దించింది.

"మారక్కా! దిగొద్దండి! ఆకు ముట్టొద్దండి! మందు కొట్టినారు!"

ఈశ్వరప్ప పెండ్లాం గంగాదేవి కొంగు జారిపోతున్నా చూసుకోకుండా బాట మీద నుంచి పరుగెత్తుకొస్తోంది. మారక్క కాలు వెనక్కి తీసుకుంది.

ఈశ్వరప్ప పగలబడి నవ్వాడు. "చాల్లేమే! నేను నేర్పించిన పాఠం భలే అప్పజెప్తాండావు. అబద్ధమని నేనే ఒప్పేసుకున్నా. ఇంగ ఆపు."

"ఎవురన్నా తిన్న్యారా?" అంది గంగాదేవి ఆయాసపడుతూ.

"నేనే తిన్న్యా. రెండు పిడికిళ్లు. వీళ్లు ముగ్గురూ సాక్షి."

గంగాదేవి మొహంలో నెత్తురు లేదు. "ఏ సాలులోది?"

"ఇదో, ఈ మూడో సాలు. ఏం?"

ఆమె గట్టు మీద కూలబడింది.

"పొద్దున నువ్వు మార్కెట్టుకు పోయినంక, ఈ కలుపు చూడలేక, పక్కచేను వేణుతో నిజంగానే కొట్టించినానయ్యా... మందు మూడు సాళ్లకే వచ్చింది."