ఖాళీ ఒర

చర్చిలో రెండో కీర్తనకు అందరూ లేచి నిలబడ్డారు. థర్మన్ యేట్స్ కూడా లేచి, అలవాటుగా చొక్కా మీదుగా నడుము తడుముకున్నాడు. తోలు ఒర ఉంది. అందులో పిస్తోలు లేదు.

ఇంకోసారి తడిమాడు. లేనిది రెండోసారి తడిమితే వస్తుందా?

"ఏమైంది? మొహం అలా పాలిపోయిందేం?" పక్కనే పాడుతున్న భార్య నాడీన్ పాట ఆపి అడిగింది.

"ఏం లేదు."

"ఏం లేకపోతే ఆ తడుముకోవడమేంటి?"

"ఇందాక బాత్రూమ్‌కి వెళ్ళానా... ప్యాంటు దించితే జారి పడుతుందని తీసి టాయిలెట్ పేపరు పెట్టె మీద పెట్టాను. అక్కడే మర్చిపోయాను."

నాడీన్ పాటల పుస్తకం మొహానికి అడ్డం పెట్టుకుంది. "అయ్యో దేవుడా! నిన్న ఓపల్‌ని అంతలేసి మాటలన్నావే!"

ఆ ఊళ్ళో చొక్కా కింద పిస్తోలు దాచుకుని తిరగాలంటే పర్మిట్ కావాలి. పర్మిట్ కావాలంటే ఎనిమిది గంటల క్లాసు, ఇరవై గుండ్ల పరీక్ష, ఆఖర్న ఆ క్లాసు చెప్పే థర్మన్ సంతకం. నిన్నటి క్లాసులో ఓపల్ ఇరవైకి పంతొమ్మిది కొట్టింది. కొట్టిన సంతోషంలో పిస్తోలు బల్ల మీద వదిలి, కళ్ళజోడు కోసం రెండడుగులు పక్కకి వేసింది. అంతే, పదిమంది ముందు కడిగేశాడు. "బుర్ర ఇంట్లో పెట్టొచ్చావా? పిస్తోలు కింద పెట్టి కన్ను తిప్పిన మనిషికి నేను సంతకం పెట్టను, వెళ్ళు!" డెబ్బై ఏళ్ళ మనిషి కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళిపోయింది. ఇప్పుడు మూడు వరసల ముందు నిలబడి గొంతెత్తి పాడుతోంది.

థర్మన్ వంగి వంగి బయటికి నడిచాడు. బాత్రూమ్ తలుపు లోపల గడియ పెట్టి ఉంది. కొట్టాడు.

"ఉన్నాను!" అంది ఒక సన్నని గొంతు.

చిన్నపిల్ల గొంతు. సండే స్కూలు జరిగేది ఎదురు గదిలోనే.

"తల్లీ, ఏదీ ముట్టుకోకమ్మా! ఏదీ ముట్టుకోకుండా వచ్చి తలుపు తియ్యి."

"నాకింకా అవలేదు!"

తలుపుకి నుదురు ఆనించి నిలబడిపోయాడు. నన్ను తీసుకుపో గానీ ఆ పిల్లకేం కానివ్వకు దేవుడా అని మొక్కుకున్నాడు. ఎంతసేపటికో నీళ్ళ చప్పుడు వినిపించింది. గడియ తీసుకుని అయిదేళ్ళ పిల్ల తడి చేతులు గౌనుకి తుడుచుకుంటూ బయటికొచ్చింది.

"లోపల ఏమైనా చూశావా బంగారూ?"

"సబ్బు అయిపోయింది," అని ఫిర్యాదు చేసి చక్కా పోయింది.

పెట్టె మీద పిస్తోలు లేదు. గట్టు మీద లేదు, చెత్తబుట్టలో కూడా లేదు.

అతను తిరిగొచ్చి కూర్చునేసరికి పాస్టర్ గారు ప్రకటనలు చదువుతున్నారు. వచ్చే ఆదివారం విందుకి ఎవరెవరు ఏం వండి తేవాలో చెప్పి, గొంతు తగ్గించారు. "ఇవాళ బాత్రూమ్‌లో ఒక వస్తువు దొరికింది. ఎవరిదో వాళ్ళకి తెలుసు. ప్రార్థన అయ్యాక నా గదికి రండి."

అయిదారుగురు తలలు దించుకున్నారు. తన సంగతి అప్పుడే పాకిపోయింది, తన మొహం చూడలేక దించుకున్నారు అనుకున్నాడు థర్మన్.

"నువ్వు వెళ్ళకు," చెవిలో అంది నాడీన్. "ఎవరో కారులోంచి కొట్టేశారని చెబుదాం. ఎవరికి తెలుస్తుంది?"

"ఆ పిల్ల కాస్త ముందు వెళ్ళి ఉంటే ఏమయ్యేది నాడీన్?"

ప్రార్థన అయ్యాక థర్మన్ ఒక్కడే లేచాడు. దారిలో ఓపల్ ఎదురొచ్చింది.

"మళ్ళీ క్లాసు ఎప్పుడు మాస్టారూ? ఈసారి కళ్ళజోడు తాడు కట్టి మెడలో వేసుకొస్తాలే."

"చెప్తానమ్మా," అని నేల చూస్తూ తప్పుకున్నాడు.

గదిలో పాస్టర్ గారు ఒక్కరే ఉన్నారు. థర్మన్ కూర్చోలేదు. జేబులోంచి కార్డు తీసి బల్ల మీద పెట్టాడు.

"అది నాదే పాస్టర్ గారూ. చర్చిలోకి పిస్తోళ్ళు రానివ్వమని మీ వెంట పడి ఒప్పించింది నేనే. నా దగ్గర నేర్చుకున్నవాళ్ళున్నారు, పిల్లలకి ఏ భయమూ లేదని మాటిచ్చింది నేనే. ఇదిగో, నేర్పడానికి నాకిచ్చిన కార్డు. షెరీఫ్‌కి ఫోన్ చెయ్యండి. ఇంతమందికి నేర్పి, ఇంత పని చేశాక, మళ్ళీ వాళ్ళ ముందు ఏ మొహం పెట్టుకుని నిలబడను?"

పాస్టర్ గారు కార్డు ముట్టుకోలేదు. తాళంచెవి తీసి బల్ల సొరుగు లాగారు. లోపల గుండ్లు తీసేసిన పిస్తోళ్ళు ఏడు, ఒక్కోదానికి ఒక్కో ఆదివారం తేదీ వేసిన చీటీతో వరసగా ఉన్నాయి.

"మీదేదో తీసుకోండి థర్మన్ గారూ," అన్నారు. "తక్కిన ఆరుగురూ ఫోన్లో ఏడుస్తున్నారే గానీ వచ్చి పట్టుకెళ్ళడం లేదు, మా మాస్టారికి తెలిస్తే ఏ మొహం పెట్టుకుని నిలబడతాం అని."