ఎలుకల పరిశోధన

నా మనవరాలు అక్షిత పెట్టె సర్దుకుంటోంది. ఇక నాంపల్లిలో హాస్టల్లో ఉంటుందట. కారణం నేనే. ఎండలోని కిరణాలు సోకిన ఎలుకలకు చర్మ క్యాన్సర్ వచ్చిందన్న పేపర్ ముక్కను ఫ్రిజ్‌కు అంటించి, మధ్యాహ్నం ఈత మానేయమన్నాను.

"నేనేమన్న ఎలుకనా, నానమ్మా? నల్లగైతే సంబంధాలు రావని సూటిగా చెప్పరాదూ!"

"ముప్పై మూడేండ్లు సైన్స్ చెప్పిన. సంబంధాలకు ఎలుకలను అడ్డం పెట్టుకునే దాన్ని కాదు."

"అయితే పరిశోధన మొత్తం చదువు. మనకు వర్తిస్తదో లేదో నువ్వే చెప్పు." ప్రింటు తీసిన కాగితాలు టేబుల్ మీద పెట్టి ఆటో ఎక్కింది.

అబిడ్స్‌లో ఈ ఇంట్లో ఇప్పుడు నేనొక్కదాన్నే. పదకొండు పేజీలూ రెండుసార్లు చదివి, మూడోరోజు ఫోన్ చేశాను.

"నువ్వన్నదే నిజం. అవి వెంట్రుకల్లేని తెల్ల ఎలుకలు. వాటి చర్మం నీ చర్మం లెక్క నల్లబడదు. ఎంత ఎండకు ఎంత ముప్పో వాటిని చూసి మనకు చెప్పలేం. అయినా ఎండ మనుషులకూ ముప్పే. పొద్దున పూట ఈదు."

"గంతేనా? మనకు వర్తించేది ఒక్కటి గూడ లేదా?" అక్షిత నవ్వింది.

"ఉన్నది. మూడో పేజీల. ఒకదాని నీడ ఇంకొకదాని మీద పడొద్దని, ఏ ఎలుకను ఆ ఎలుక విడిగా పెట్టిన్రట."

అటువైపు నవ్వు ఆగింది.

"అది మాత్రం నాకు వర్తిస్తది, బిడ్డా."