ఒక్క ఇంటి ఫిల్టరు

సోమవారం నాటికి నెట్ బాగుపడకపోతే లోవకుమారి హైదరాబాదు వచ్చి ఆఫీసులోనే కూర్చుని పనిచేయాలని కంపెనీ తేల్చి చెప్పింది.

ఆ మాట తండ్రి ధర్మారావుకి మింగుడుపడలేదు. భార్య పోయాక ఇంట్లో అన్నం వండేది ఆ పిల్లే. ఇంటి నుంచి చేసే ఉద్యోగమనే ఒప్పుకున్నాడు. గడప దాటనివ్వనని ఆనాడే చెప్పాడు.

తన ఫోనులో వార్తలు నిక్షేపంగా నడుస్తున్నాయి. కూతురు ఆఫీసు మీటింగులో కూర్చోగానే బొమ్మ బిగుసుకుపోతుంది. ఇది ఎవడో చేయిస్తున్న పనే. పక్కింటి జగదీశ్వరరావే అయ్యుంటాడు. వాళ్ళబ్బాయికి పిల్లనివ్వనన్నప్పటి నుంచి అతగాడు మొహం చాటేస్తున్నాడు.

అడిగి లాభం లేదు, వదిలేయమంది లోవకుమారి. తల్లిలాగే మెతకది, అనుకున్నాడు.

ఊళ్ళోని అబీద్ సెంటర్లో నెట్ కనెక్షన్లిచ్చే గోపీకృష్ణ ఆయన్ని చూడగానే లేచి నిలబడ్డాడు. ఆ మర్యాదతో ధర్మారావుకి అనుమానం ఇంకా పెరిగింది. ఎవరింటికి ఎంత స్పీడు వెళ్ళాలో చూసే లినక్స్ కంప్యూటరు ఆ మూలనే ఉంది. తన ఇంటి సంగతి చూపించమన్నాడు. గోపీకృష్ణ నీళ్ళు నమిలాడు. కేబులు పాతదన్నాడు. వానలన్నాడు. కన్స్యూమర్ కోర్టు మాటెత్తాక అసలు సంగతి బయటపడింది. ధర్మారావు ఇంటి లైను మీద ఒక ఫిల్టరు ఉంది. అక్కడి నుంచి లోవకుమారి కంపెనీకి వెళ్ళేదాన్ని మాత్రమే అది నెమ్మది చేస్తుంది. మిగతావాటి జోలికి పోదు.

"తీసీ."

"ఉండండి బాబూ. ఆ ఫిల్టరు నంబరు సూసి దాన్నొక్కదాన్నే తియ్యాలి. నంబరివ్వకపోతే ఊరందరి ఫిల్టర్లూ పోతాయి."

"బేగి సూడు. నాటకాలాడకు."

గోపీకృష్ణ వెతికాడు. నంబరు కొట్టాడు. వేలు మీట దగ్గర ఆగిపోయింది.

"ఇంకోసారి ఆలోసించుకోండి."

"ఆలోసించడానికేటుంది నాకు?"

ధర్మారావే మీట నొక్కాడు. మళ్ళీ జాబితా అంతా తెర మీద చూపించమన్నాడు. ఆ ఒక్కటీ లేదు. తక్కినవన్నీ ఉన్నాయి.

అక్కడే నిలబడి ఇంటికి ఫోన్ చేశాడు. ఇప్పుడెలా ఉందో చూడమన్నాడు.

"అలాగే ఉంది నాన్నా," అంది లోవకుమారి.

ధర్మారావు ఫోన్ జేబులో పడేసి గోపీకృష్ణ చొక్కా పట్టుకున్నాడు.

"ఇంకోటెక్కడ పెట్టావు? ఆ జగదీశ్వరరావు నీకేటిచ్చాడు?"

"ఇంకోటి లేదండి," అన్నాడు గోపీకృష్ణ, చొక్కా విడిపించుకోకుండానే. "అది పెట్టమన్నది మీ అమ్మాయిగారే, సోమవారం దాకా ఇంకాస్త తగ్గించమని ఇందాకే ఫోన్ సేసారు."