వదినమరదలుకి ఒక ఓటు

వదినమరదలు అనే పేరుతో ఎవరూ పోటీ చెయ్యలేదు. అయినా ఆ పేరుకి ఒక ఓటు పడింది.

అపార్టుమెంటు సంఘం అధ్యక్ష పదవికి నిలబడింది ఇద్దరే. ఒకరు వదిన, ఇంకొకరు ఆమె మరదలు. ఇద్దరూ ఉండేది ఒకే ఫ్లాటులో. బిల్డింగంతా వాళ్ళని ఆ వరసలతోనే పిలుస్తుంది కాబట్టి చీటీల మీద కూడా అవే రాయమన్నారు. ఆదివారం పదకొండు గంటలకి, కింది హాల్లో గోడకి తగిలించిన టీవీలో ఫలితం ఇలా వచ్చింది:

30 మరదలు
30 వదిన
1 వదినమరదలు

ముందు ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత కుర్చీలన్నీ కదిలాయి. ఇలాంటి ఓటు వెయ్యాల్సిన అవసరం బిల్డింగులో ఒక్కడికే ఉంది. అందరూ తలలు తిప్పి వెనక వరసలో కూర్చున్న లెక్చరరుని చూశారు. అతను వదినకి మొగుడు, మరదలికి అన్న.

వదిన లేచింది. “ఏమండీ, నా ఒక్కదాని పేరు రాయడానికి మీకు చెయ్యి రాలేదా?”

మరదలూ లేచింది. “రాస్తే రాశావు అన్నయ్యా, నా పేరు రెండోదా?”

లెక్చరరు తను రాయలేదన్నాడు. ఎవరూ నమ్మలేదు. ఇంటికి వెళ్తే తలుపు తీసేవాళ్ళు కూడా ఉండరని అతనికి అర్థమైంది. కాలేజీలో అతను చెప్పేది వ్యాకరణం. చివరికి దాన్నే పట్టుకున్నాడు.

“నేను రాస్తే వదినామరదళ్ళు అని రాస్తాను. దీర్ఘం మింగేసి, ఏకవచనం పెట్టి, ఇంత దరిద్రంగా రాస్తానా?”

ఆ మాట కొంత పనిచేసింది. రెండో వరసలో ఒక నర్సు లేచి, తను సార్ దగ్గరే చదువుకున్నానని, దీర్ఘం పోతే అర మార్కు కోసేవారని, ఆయన ఇలా రాయరంటే రాయరని సాక్ష్యం చెప్పింది. పెళ్ళాం ఎదురుగా కూర్చుంటే దీర్ఘాలు ఎవరికి గుర్తుంటాయని ఇంకెవరో అన్నారు. హాలు ఘొల్లుమంది.

చీటీలు తీసి చూద్దామంటే చీటీలు లేవు. చేతిరాతలు పట్టేస్తారని, కంప్యూటర్లోకి ఎక్కించగానే చింపెయ్యాలని రూలు పెట్టింది ఎన్నికల అధికారిగా కూర్చున్న రిటైర్డ్ పోస్టుమాస్టరే. ఎ బ్లాకు ఓట్లు ఆయనే ఒక ఫైల్లో కొట్టాడు. బి బ్లాకువి నాలుగో అంతస్తులో ఉండే కంప్యూటరమ్మాయి ఇంకో ఫైల్లో కొట్టింది. లైనుకో ఓటు. తర్వాత రెండు ఫైళ్ళనీ ఒకదాని వెనక ఒకటి కలిపి లెక్క తీసింది. అలాంటి చీటీ తమ చేతికి రాలేదని ఇద్దరూ చెప్పారు. ఎవరూ చూడని ఓటు ఎలా పడిందని హాలు మళ్ళీ నవ్వింది.

అమ్మాయి నవ్వలేదు. ఏ ఫైల్లో ఎన్ని లైన్లున్నాయో విడివిడిగా చెప్పమని కమాండు ఇచ్చింది. ఎ బ్లాకు ముప్ఫై, బి బ్లాకు ముప్ఫై ఒకటి అని వచ్చింది. పోస్టుమాస్టరుకి రోషం వచ్చింది. తను ముప్ఫై ఒక్క చీటీలు విప్పానని, ముప్ఫై ఒక్క పేర్లు కొట్టానని, సర్వీసు మొత్తంలో ఒక్క ఉత్తరం పోగొట్టలేదని అన్నాడు.

“ఆఖరి పేరు కొట్టాక ఎంటర్ కొట్టారా తాతగారూ?”

“ఎందుకమ్మా? ఇంకో లైనుకి వెళ్ళే పని లేదుగా.”

ఎ బ్లాకు ఫైల్లో ఆఖరి లైను చూపించమని అమ్మాయి టెయిల్ అని కొట్టింది. వదిన అని వచ్చింది. కర్సరు కిందికి దిగకుండా ఆ మాట పక్కనే నిలబడి మిణుకుమంటోంది. ఇందాక లెక్క చెప్పిన కమాండు లెక్కపెట్టేది లైన్లని కాదని, ఎంటర్లనని ఆమె చెప్పింది. ఎంటర్ లేని లైను దాని దృష్టిలో ఇంకా పూర్తవలేదు. ఫైళ్ళు కలిపినప్పుడు బి బ్లాకులో మొదటి ఓటు కింద దిగాల్సింది పోయి దీని వెనకే వచ్చి అతుక్కుంది. ఆ మొదటి ఓటు మరదలిది.

అమ్మాయి ఎకో అని కొట్టి ఎ బ్లాకు ఫైలు చివర ఒకే ఒక్క ఎంటర్ చేర్చింది. మళ్ళీ కలిపి లెక్క తీసింది.

31 మరదలు
31 వదిన

చప్పట్లు మోగాయి. పోస్టుమాస్టరు లేచి నిలబడి అందరికీ నమస్కారం పెట్టాడు. లెక్చరరు ముందుకొచ్చాడు. వదిన పొరపాటైందని ఒప్పుకుంది. మరదలు మంచినీళ్ళ సీసా మూత తీసి చేతికిచ్చింది. అతను రెండు గుక్కలు తాగి, తన మీద పడిన నింద తొలగినట్టు మినిట్స్ పుస్తకంలో రాయాలని పట్టుబట్టాడు. దీర్ఘాలు తనే చూస్తానన్నాడు.

రాయడానికి పోస్టుమాస్టరు పుస్తకం తెరిచాడు. అందులోనే చీటీలు తీసుకున్నవాళ్ళ సంతకాలున్నాయి. ఊరుకోలేక వాటినీ లెక్కపెట్టాడు. అరవై మూడు వచ్చాయి. ఓట్లు అరవై రెండే.

అమ్మాయి బి బ్లాకు ఫైలు చివర చూసింది. ఎంటర్ ఉంది. ఇంకే లైనూ ఎక్కడా అతుక్కోలేదు. అంటే ఎవరో సంతకం పెట్టి, చీటీ తీసుకుని, పెట్టెలో వెయ్యలేదు. ఆ చీటీ ఎవరి దగ్గరుంటే వాళ్ళు ఇక్కడే, అందరి ముందూ రాసి ఇవ్వొచ్చని, అధ్యక్షురాలిని తేల్చేది ఆ ఒక్క ఓటేనని పోస్టుమాస్టరు ప్రకటించాడు.

లెక్చరరు చెయ్యి చొక్కా జేబు మీదికి వెళ్ళి అక్కడే ఆగిపోయింది. లోపల చీటీ మడత పెట్టింది పెట్టినట్టే ఉంది. దాని మీద ఏమీ రాసి లేదు.

వదిన పెన్ను అందించింది. మరదలు దాని మూత తీసింది.

లెక్చరరు అమ్మాయి వైపు తిరిగాడు. “ఆ ఎంటర్ తీసెయ్యమ్మా. ఆ వదినమరదలు ఓటు నాదే.”