వైకుంఠం తెచ్చిన చీర

"అవ్వా, ఆ బిందె ఇప్పటికి మూడుసార్లు తోమినవ్. ఇంక తోమితే అడుగు ఊడొస్తది," అంది చంద్రమ్మ.

కొట్టంలో బర్రెల మధ్య కూర్చున్న తల్లి కొమురమ్మ తలెత్తలేదు. నాలుగోసారి బూడిద అందుకుంది.

మాదన్నపేటలోని ఆ ఇంటి అరుగు మీద వైకుంఠం పొద్దున్నించీ కూర్చుని ఉన్నాడు. చాంద్రాయణగుట్టలో గడ్డి అమ్ముకునే మనిషి. ఒళ్లో అఫ్జల్‌గంజ్‌లో కొన్న కొత్త చీర. వాళ్ల కులంలో మగవాడే చీర పట్టుకుని వస్తాడు. ఇంటివాళ్లు అందుకుంటే సంబంధం ఖాయం. అందుకోకపోతే ఆ చీరతోనే వచ్చిన దారిన పోవాలి, మళ్లీ అడగడం ఉండదు.

చంద్రమ్మకు పద్నాలుగేళ్లు. ఆ నైజాం రోజుల్లో ఆ ఈడు పిల్ల ఇంట్లో ఉంటే పెళ్లెప్పుడని వాడకట్టంతా అడిగేది. ఈ పిల్లకు మాత్రం సిగ్గన్నది మందుకైనా లేదు. తలుపు సందులోంచి తొంగిచూడటం, కొట్టంలోకి పరుగెత్తుకొచ్చి చెప్పడం, పొద్దున్నించీ ఇదే పని.

"రెండో ముంత చల్ల ఇచ్చిన అవ్వా. మామతోని మంచిగ ముచ్చట పెడుతుండు. తలల నాలుగు తెల్లెంట్రుకలున్నయ్ గని, మస్తు మంచోడు."

"నోరు మూస్కో. ఆడపిల్లవేనా నువ్వు?"

ఇంతలో కొమురమ్మ అన్న రామ్‌చందర్ లోపలికి వచ్చాడు.

"చెల్లే, ఎంతసేపు కూసోవెట్టాలె ఆయనను? పొద్దుగూకితే లేచి పోతడు. గిసోంటి మనిషి మళ్ల దొరకడు."

"పిల్ల తండ్రి కట్టిన కొట్టం అన్నా ఇది. ఎట్ల ఇడుస్తం?"

కొమురమ్మ మళ్లీ బిందె మీదికి వంగింది. రామ్‌చందర్ బయటికి పోయాడు.

చంద్రమ్మ తండ్రి ఓదెలు గత్తర రోగానికి పోయి ఏడేళ్లు. అతని తలరుమాలు ఇంకా కొట్టంలో మొలకు వేలాడుతూనే ఉంది. వారానికోసారి కొమురమ్మ దాన్ని ఉతికి, ఆరేసి, మళ్లీ అక్కడే తగిలిస్తుంది.

చంద్రమ్మ తల్లి చేతిలోంచి బిందె లాక్కుని పక్కన కూర్చుంది.

"ఆ రుమాలు కట్టుకునేటోడు రాడు అవ్వా."

"నాకు తెల్వదానే?"

"బాపు మనకు బర్లనిచ్చి పోయిండు. ఏడుపునిచ్చి పోలే."

"మరిచిపొమ్మంటవా?"

"ఎవలు మరువమన్నరు? ముంగటికి నడువమంటున్న."

కొమురమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది. "మరి బర్లెట్ల?" అంది.

"అన్నిటిని తోల్కరమ్మన్నడు. తల్లీబిడ్డలు ఇద్దరు రాండ్రి, నాలుగు బర్లను రానియ్యిండ్రి, గడ్డికి ఫికరే లేదన్నడు. మామ ముంగటనే అన్నడు."

"ఇద్దర్ని రమ్మన్నడా? ఏ మొగోడన్న గట్లంటడానే?"

"గీయన అన్నడు."

కొమురమ్మకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. లేచి వెళ్లి మొలకున్న రుమాలు తీసింది. కళ్లకద్దుకుని, నాలుగు మడతలు పెట్టి, పెట్టె అడుగున దాచింది. బోసిగా ఉన్న మొలను చూస్తే గుండె కలుక్కుమంది. కానీ ఏడేళ్లకు ఊపిరి తేలిగ్గా ఆడింది కూడా. కూతుర్ని దగ్గరికి లాక్కుని చెవిలో ఒక్క మాట చెప్పింది.

చంద్రమ్మ ఒక్క ఉరుకున అరుగు మీదికి వచ్చి పడింది. వైకుంఠం గాభరాగా లేచి నిలబడ్డాడు.

"ఏమన్నది?" అన్నాడు.

"అవ్వ నిన్ను చేసుకుంటనన్నది, బాపూ."