నిన్నటి బ్రెడ్డు

"నిన్నటిది ఏమన్న మిగిలిందా బిడ్డా?"

సూపర్ మార్కెట్‌లో బ్రెడ్డు కౌంటరు ముందు నిలబడ్డ పెద్దమనిషి అడిగిన ఆ ఒక్క మాటకు కళ్యాణి చేతిలో కత్తి ఆగిపోయింది.

వెనక గదిలో పదిహేను ఉన్నాయి. అన్నీ నిన్నటివే.

"లేవు సార్. మా తాన ఏ పొద్దుది ఆ పొద్దే."

ఆయన నమ్మినట్టు లేదు. అల్మరాలో ఎన్ని ప్యాకెట్లున్నాయో వేలితో లెక్కపెట్టాడు.

"కోదాడల అడిగిన, మిర్యాలగూడల అడిగిన. గాడ లోపల్కెల్లి తెచ్చి మరీ సూపెట్టిన్రు. నువ్వొక్కదానివే లేదంటున్నవ్."

ఏమీ కొనకుండా వెళ్ళిపోయాడు.

మేనేజరు శశిధర్ పరుగెత్తుకొచ్చాడు. "ఖతం అక్కా. గాయన హెడ్డాఫీసు మనిషే. గిరాకీ లెక్క వచ్చి మనకు పరీక్ష పెడ్తున్నడు. లేకుంటె మూడు షాపులు తిరిగేటోడు ఎవడుంటడు?"

ఆ సూపర్ మార్కెట్‌కు సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల్లో మూడు షాపులు. మూడింటిలోనూ ఓవెన్ పెట్టి అక్కడికక్కడే బ్రెడ్డు కాల్చడం మొదలై ఏడాది. వాసన బజారు దాకా పోయేది. జనం వాసన పీల్చుకుని, పప్పూ ఉప్పూ కొనుక్కుని వెళ్ళేవారు. వాసనకు బిల్లు వెయ్యలేరు కదా. నలభై కాలిస్తే ఇరవై అయిదు పోయేవి. పాతది అమ్మితే ఉద్యోగం పోతుంది. ఎక్కువ పారేస్తే ఓవెన్ పోతుంది. దసరా తర్వాత మూడింటిలో ఒక్క ఓవెనే ఉంచుతామని హెడ్డాఫీసు ముందే చెప్పేసింది.

కళ్యాణి ఇంటి కిరాయి, పిల్లల బడి అన్నీ ఆ ఓవెన్ వేడి మీదే నడుస్తున్నాయి.

ఆ రాత్రి ఆమె లెక్క వేసుకుంది. సూర్యాపేటలో బ్రెడ్డు కొనేవాళ్ళు రెండే రకాలు. ఇంట్లో జ్వరమొచ్చినవాళ్ళు, దవాఖానలో చుట్టాన్ని చూడబోయేవాళ్ళు. వీళ్ళకు పొద్దున కావాలి. అందుకని పొద్దున పన్నెండు బ్రెడ్లే కాల్చింది. మిగతావి సాయంత్రం నాలుగింటికి, సరిగ్గా చాయ్ వేళకు తీసింది.

ఎదురు బేకరీ బ్రెడ్డు అయిదు రూపాయలు తక్కువ. ఆ అయిదు ఎందుకో కొనేవాడి కంటికి కనబడాలి. ప్రతి ప్యాకెట్ మీదా కాల్చిన టైము రాసింది. కూరగాయల కాంటా మీద పెట్టి నాలుగొందల గ్రాములు తూచి చూపించింది. రెండు బ్రెడ్లనూ పక్కపక్కన పెట్టి వేలితో నొక్కింది. ఎదుటిది సొట్టపడి అట్లాగే ఉండిపోయింది. తనది మెల్లగా పైకి లేచింది.

"జ్వరమొస్తె తినేటిది గదనే ఇది! నాకేం రోగం?" అంది బుచ్చమ్మ, చక్కెర కోసం వచ్చి.

"జ్వరమెందుకవ్వా? చాయ్‌ల ముంచుకొని తిను. నోట్ల పండ్లు లేకున్నా నడుస్తది."

"నాకు పండ్లు లేవని నీకెవడు చెప్పిండే?" అని తిట్టి రెండు కొనుక్కుపోయింది. మర్నాడు ఇద్దరు వియ్యపురాళ్ళను వెంటబెట్టుకొచ్చింది.

పదిహేను మిగిలేవి తొమ్మిదయ్యాయి. తొమ్మిది నాలుగయ్యాయి, ఆఖరుకు ఒక్కటీ మిగల్లేదు.

పెద్దమనిషి మాత్రం మంగళవారం, శుక్రవారం తప్పకుండా వచ్చేవాడు.

"ఇయ్యాలన్న మిగిలినయా?"

"ఒక్కటి గూడ లేదు సార్."

"నిజంగనా?"

"అమ్మతోడు!"

ఆయన ముఖం మాడిపోయింది. అయినా వదల్లేదు.

"ఇందుల మందులు గిట్ల ఏమన్న కలుపుతరా? ఎక్కువ తింటె కడుపుబ్బరమైతదా?"

"మైదా, ఈస్టు, నూనె, ఉప్పు, చక్కెర. గంతే సార్."

"మూడోనాటికి బూజు పడ్తదా?"

"మూడోనాటిదాంక ఉంటె గద సార్!"

పక్కనున్న గిరాకీలు నవ్వారు. ఆయన నవ్వలేదు. నిట్టూర్చి వెళ్ళిపోయాడు.

"సూసినవా అక్కా?" అన్నాడు శశిధర్ చెవిలో. "తప్పు దొరుకుతలేదని ఎట్ల పరేషానైతుండో!"

దసరా వెళ్ళింది. కాగితం వచ్చింది. కోదాడ ఓవెన్ బంద్. మిర్యాలగూడ ఓవెన్ బంద్. సూర్యాపేట ఓవెన్ ఉంటుంది, రేపటి నుంచి దానికి కళ్యాణే ఇన్‌చార్జి. శశిధర్ ఆ కాగితాన్ని రెండుసార్లు గట్టిగా చదివి షాపంతా మిఠాయి పంచాడు.

శుక్రవారం పెద్దమనిషి వచ్చాడు. మనిషి చిక్కిపోయినట్టున్నాడు. ఈసారి ఆయన నోరు తెరవకముందే కళ్యాణి కౌంటరు దాటి బయటికొచ్చింది. అప్పుడే ఓవెన్‌లోంచి తీసిన బ్రెడ్డును రెండు చేతులా ఆయన చేతుల్లో పెట్టింది.

"మీ కడుపు సల్లగుండ సార్. మీరు మంచిగ రాయబట్టే మా ఓవెన్ నిలవడ్డది. ఇగ ఎన్నడొచ్చినా సరే, మా తాన నిన్నటిది కనబడది."

ఆయన వేడి బ్రెడ్డు వంక చూశాడు. కళ్యాణి వంక చూశాడు.

"నేనేం రాసిన్నమ్మా," అన్నాడు నీరసంగా, "ఆ రెండూర్ల మిగిలిన పాత బ్రెడ్డు పెట్టి మా ఊరు పెన్‌పహాడ్‌ల నా ఇరవై బర్రెలను సాకుతుంటి, ఇప్పుడు గవీ బందాయె, దగ్గర్ల ఉన్న నీ తాన సూస్తె ఒక్క ముక్క మిగలకపాయె!"