వైవా భోజనం

పన్సిట్ నూడుల్స్ గిన్నె బల్ల మీద పెడుతున్న వంటావిడ కాళ్ళకు రబ్బరు చెప్పులున్నాయి. ఫాబియన్ మొహం చిట్లించాడు.

"ఏంటి మనాంగ్ ఆ చెప్పులు? ఇది యూనివర్సిటీ అనుకున్నావా, చేపల బజారనుకున్నావా?"

మనాంగ్ అంటే అక్క. అతని మర్యాద ఆ పిలుపుతోనే ఆగిపోయింది.

"మెట్లు తడిగా ఉన్నాయి బాబూ. బూట్లేసుకుంటే జారతాను. నేను పడితే పడ్డాను, నీ పన్సిట్ కూడా పడుతుంది," అంటూ నవ్విందావిడ.

ఫాబియన్ నవ్వలేదు. మా ఇలోయిలో ఊరి యూనివర్సిటీలో ఫిలాసఫీ డిగ్రీ నాలుగో ఏడు చదువుతున్నాడు. ఆ చదువు కొందరికి ఆలోచించడం నేర్పుతుంది. ఇతనికి కనుబొమలు ఎగరేయడం ఒక్కటే పట్టుబడింది.

ఇంకో గంటలో వైవా. గట్టెక్కితే ఆగస్టులో లా కాలేజీ సీటు ఖాయం. తప్పితే ఏడాది వృథా, సీటు గోవింద.

వైవాకి వచ్చే ముగ్గురు పరీక్షకులకూ కడుపునిండా భోజనం పెట్టాల్సింది విద్యార్థే. అది మా ఆనవాయితీ. అందుకే ఈ గిన్నెలూ, ఈ ప్లేట్లూ.

ఫాబియన్ ఖాళీ కుర్చీల వైపు తిరిగి గట్టిగా సాధన మొదలుపెట్టాడు.

"గౌరవనీయులైన పరీక్షకులారా! సాటి మనిషిని కప్వా అని మనవాళ్ళు ఊరికే అనలేదు. ఎదుటి మనిషి నాకు పరాయివాడు కాడు. ఎదుటి మనిషీ నేనే. అందుకే ప్రతి మనిషినీ గౌరవించాలి..."

"ఒక్క మాట బాబూ," అందావిడ ప్లేట్లు తుడుస్తూ.

"మళ్ళీ ఏంటి?"

"ఎదుటివాడూ నేనే అయితే ఉన్నది ఒక్కడేగా. మరి గౌరవం ఎవరు ఎవరికిస్తారు?"

ఫాబియన్ ఆవిడను ఎగాదిగా చూశాడు.

"లుంపియా రోల్స్ ఎలా చుట్టాలో నీకు నేను చెప్పానా?"

"లేదు."

"మరి ఫిలాసఫీ నాకు నువ్వు చెప్పకు. నాలుగేళ్ళు చదివాను దీన్ని."

"వాళ్ళు అడుగుతారేమోనని చెబుతున్నా. దానికో జవాబుంది. రెండు నిమిషాలు పట్టదు..."

"ముందు బయటికెళ్ళు తల్లీ! వెళ్ళి మెట్ల మీద కూర్చో. పెద్దవాళ్ళొచ్చే టైమయింది. వాళ్ళు తిన్నాక పిలుస్తా, వచ్చి గిన్నెలు కడుక్కుని తీసుకెళ్దువు."

ఆవిడ గిన్నెల మీద మూతలు సరిచేసి వెళ్ళిపోయింది.

'ప్రతి మనిషినీ గౌరవించాలి' అన్న చోట గొంతు ఇంకాస్త పెంచాలని ఫాబియన్ కాగితం మీద రాసుకున్నాడు. ఇలాంటివాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

పరీక్షకులు వచ్చారు. అరగంట సాఫీగా గడిచింది. ఫాబియన్ అప్పుడే నల్లకోటు వేసేసుకున్నట్టు మాట్లాడాడు. చివర్లో డీన్ తుపాస్ కళ్ళజోడు తుడుచుకుని అడిగాడు.

"ఎదుటి మనిషీ నువ్వే అన్నావు కదూ?"

"అవును సర్."

"ఇద్దరూ ఒకటే అయితే గౌరవం ఎవరు ఎవరికిస్తారు?"

ఫాబియన్ గబగబా నలుగురు మహానుభావుల పేర్లు వల్లించాడు. డీన్ చెయ్యెత్తి ఆపాడు.

"వాళ్ళ సంగతి వాళ్ళు చూసుకుంటారు. నువ్వు చెప్పు."

"అది... జవాబు లేని ప్రశ్న సర్."

ముగ్గురూ తలలు దగ్గరపెట్టి రెండు నిమిషాలు గుసగుసలాడుకున్నారు.

"వచ్చే ఏడాది మళ్ళీ రా," అన్నాడు డీన్.

ఫెయిల్ చేశాం కదా అని భోజనం మానేసే రకం కాదు మావాళ్ళు. ఫెయిలైనవాడే నిలబడి వడ్డించాలి. ఫాబియన్ వడ్డించాడు. లా కాలేజీ కళ్ళముందే కరిగిపోయింది. ఇక ఉక్రోషం ఆగలేదు.

"అసలు ఆ ప్రశ్నకి ఎవరైనా జవాబు చెప్పారా సర్?"

"ఒకే ఒక్క అమ్మాయి. ఇరవై ఆరేళ్ళయింది. అప్పటికి నేను ఉద్యోగంలో కొత్త," అన్నాడు డీన్ నములుతూ. "నేనలా అడిగానో లేదో, కుర్చీలోంచి లేచింది. తలుపు దగ్గర నిలబడి ఉన్న ప్యూన్‌ని తీసుకొచ్చి అందులో కూర్చోబెట్టింది. తను నిలబడింది. 'ఇదే నా జవాబు సర్. ఇద్దరం ఒకటి కాదు కాబట్టే ఒకరికొకరం చోటివ్వగలం' అంది."

"ఎన్ని మార్కులిచ్చారు?"

"పొగరనుకున్నాను. ఫెయిల్ చేశాను. రెండోసారి రావడానికి ఇంట్లో వీలుపడలేదట, చదువు మానేసింది. ఆ జవాబు నా తలకెక్కడానికి పదేళ్ళు పట్టింది."

"మరి ఆ సంగతి ఆమెతో చెప్పలేదా?"

"చెప్పాలనే అనుకుంటాను." డీన్ ఇంకో లుంపియా వేసుకున్నాడు. "ప్రతిసారీ నోరు రాదు."

పిరికితనానికి ఆకలి మాత్రం తక్కువేమీ కాదు.

"ఆమె ఎక్కడుంటుందో చెప్పండి సర్. ఏ ఊళ్ళో ఉన్నా వెతుక్కుంటూ వెళ్తాను. కాళ్ళు పట్టుకునైనా నేర్చుకుంటాను," అన్నాడు ఫాబియన్.

"వెతకక్కర్లేదు." డీన్ ప్లేటులోంచి తల ఎత్తలేదు. "ఇందాక మేం ముగ్గురం పైకి వస్తుంటే మెట్ల మీద పక్కకి జరిగి దారిచ్చింది, ఆవిడే."